లోన్ ఫైలు మీద మీ సంతకం: విశాఖపట్నంలో ఆర్థిక రంగంలో ఎదగదలచిన మహిళలకు సమగ్ర మార్గదర్శి

ద్వారకానగర్‌లోనో డాబాగార్డెన్స్‌లోనో ఏదైనా బ్యాంకు శాఖకు ఉదయం పదిన్నరకు వెళ్లి కాసేపు కూర్చుంటే, కొత్త ఖాతాలు తెరిచేచోట, పాసుపుస్తకాలు ముద్రించేచోట, నగదు కౌంటర్లో ఆడవాళ్లు కనిపిస్తారు. పది అడుగులు లోపలికి వేసి, అప్పులు పరిశీలించే గదిలోకి తొంగిచూస్తే వారి సంఖ్య పలచబడుతుంది. జోనల్ ఆఫీసులో మంజూరు కమిటీ కూర్చునే బల్ల దాకా వెళ్లేసరికి చాలాసార్లు ఒక్కరే మిగులుతారు. ఆ ఒక్కరుగా నేను కొన్నేళ్లు కూర్చున్నాను.

ముప్పై ఏళ్లకు దగ్గరైన నా ఉద్యోగంలో "ఆడవాళ్లకు ఇది చేతకాదు" అని ముఖాన అన్నవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. "మీకెందుకమ్మా ఆ ఎండలో తిరుగుడు, మేం చూసుకుంటాం కదా" అన్నవారికి మాత్రం లెక్కలేదు. మొదటి మాటకు కోపం వస్తుంది కాబట్టి జవాబు చెబుతాం. రెండోది ఆప్యాయంగా ఉంటుంది కాబట్టి తల ఊపి ఊరుకుంటాం. పదేళ్ల తర్వాత ప్రమోషన్ ఇంటర్వ్యూలో "పెద్ద ఖాతాలు ఎప్పుడైనా చూశారా?" అని అడిగినప్పుడు ఆ ఆప్యాయత ఖరీదు తెలిసివస్తుంది. ఈ వ్యాసంలో చెప్పే మెట్లన్నీ ఆ చిక్కును దృష్టిలో పెట్టుకుని రాసినవే.

ముందుగా బల్లలను లెక్కవేయండి

ఏ ఆర్థిక సంస్థలోనైనా రెండు రకాల బల్లలుంటాయి. సంస్థ డబ్బును పణంగా పెట్టి నిర్ణయం తీసుకునేవి ఒక రకం: రుణాల పరిశీలన, విదేశీ మారకం, ట్రెజరీ (బ్యాంకు సొంత పెట్టుబడులు), మొండిబకాయిల వసూలు. ఆ నిర్ణయాలకు ఊతమిచ్చేవి రెండో రకం: డిపాజిట్లు, లాకర్లు, ఖాతాదారుల సేవ, సిబ్బంది వ్యవహారాలు. రెండోవి తక్కువ పనులని నేను అనను. నగదు కౌంటర్లో సాయంత్రం లెక్క టాలీ కాని రోజు ఎంత నరకమో నాకు తెలుసు. కానీ పైమెట్లకు పిలుపు వచ్చేది మొదటి రకం బల్లల నుంచే.

పైకి వెళ్లిన మహిళల ఉద్యోగ చరిత్రలు చూసినా ఇది కనబడుతుంది. 2000లో ఇండియన్ బ్యాంకు పగ్గాలు చేపట్టి, నష్టాల్లో మునిగిన ఆ సంస్థను ఒడ్డుకు చేర్చిన రంజనా కుమార్ ప్రభుత్వరంగ బ్యాంకుకు అధిపతి అయిన తొలి మహిళ. 1977లో ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరి 2013లో స్టేట్ బ్యాంకు ఛైర్మన్ అయిన అరుంధతీ భట్టాచార్య విదేశీ మారకం, ట్రెజరీ, రిటైల్ వ్యాపారం, న్యూయార్క్ కార్యాలయం, మర్చంట్ బ్యాంకింగ్ అన్నీ తిరిగి వచ్చారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కామర్స్ పీజీ చేసిన చుండూరు పద్మజ 1984లో స్టేట్ బ్యాంకులో చేరి, ఆ బ్యాంకు అమెరికా వ్యవహారాలు చూసి, 2018లో ఇండియన్ బ్యాంకు ఎండీ అయ్యారు. వీరిలో ఎవరూ ఒకే కౌంటర్ వెనక ఉండిపోలేదు.

కాబట్టి మీరు చేరబోయే లేదా చేరిన సంస్థలో గత అయిదేళ్లలో ఎవరు ఏ బల్ల నుంచి పైకి వెళ్లారో ఒక కాగితం మీద రాసుకోండి. ఇది గూఢచర్యం కాదు. ప్రమోషన్ జాబితాలు అందరికీ తెలిసేవే.

లోపలికి వచ్చే దారులు

దీని గురించి కోచింగ్ సెంటర్లు కావలసినంత చెబుతాయి కనుక క్లుప్తంగా ముగిస్తాను. ప్రభుత్వరంగ బ్యాంకుల్లో ప్రొబేషనరీ ఆఫీసరు పోస్టుకు, నియామక పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ సంస్థ వయోపరిమితి 20 నుంచి 30 ఏళ్లు; ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్లు సడలింపు ఉంటుంది. క్లర్కు పోస్టుకు పరిమితి 28 ఏళ్లు. క్లర్కు పరీక్షను ఇప్పుడు తెలుగులో కూడా రాయవచ్చు గానీ ఆఫీసరు పరీక్ష ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివిన అమ్మాయిలు ఇంగ్లిషుకు భయపడి ఆఫీసరు పరీక్ష దరఖాస్తే పెట్టకపోవడం నేను చాలాసార్లు చూశాను. రెండూ రాయండి. చేరాక బ్యాంకు ఉద్యోగులు రాసే జేఏఐఐబీ, సీఏఐఐబీ అనే వృత్తి పరీక్షలను పెళ్లి, పిల్లల కంటే ముందు పూర్తిచేయగలిగితే మంచిది. వాటికి ఇంక్రిమెంట్లు కూడా వస్తాయి.

సీఏ చదివేవారికి ఆడిట్ ఆఫీసులో చేయాల్సిన శిక్షణ, అంటే ఆర్టికల్‌షిప్ ఇప్పుడు రెండేళ్లకు తగ్గింది. గడువు తగ్గింది కాబట్టి ఏ పని దొరుకుతుందన్నది మునుపటికంటే ముఖ్యం. విశాఖలో ఉక్కు కర్మాగారం, పోర్టు, షిప్‌యార్డుల చుట్టూ అల్లుకున్న కాంట్రాక్టర్లు, పరవాడ ఫార్మా యూనిట్లు, సముద్ర ఉత్పత్తుల ఎగుమతిదారులు ఉన్నారు. ఇలాంటి ఖాతాదారులు ఉన్న ఆడిట్ ఆఫీసులో చేరి కూడా అమ్మాయిలు రెండేళ్లూ టాలీలో ఎంట్రీలు, జీఎస్టీ రిటర్నులతో గడిపేస్తుంటారు. మగపిల్లలు మాత్రం మార్చి ఆఖరున, ఏప్రిల్లో బ్యాంకు శాఖల ఆడిట్‌కు పాడేరో పలాసో వెళ్లి, రాత్రి లాడ్జిలో కూర్చుని సీనియర్‌తో మొండిబకాయిల జాబితా చర్చిస్తారు. నేర్చుకోవడం అక్కడ జరుగుతుంది. చేరేముందే, శిక్షణ ఇచ్చే సీఏ అయిన ప్రిన్సిపల్‌ను సూటిగా అడగండి: "సార్, బయటి ఊరి ఆడిట్‌లకు అమ్మాయిలను పంపిస్తారా?" ఇద్దరు అమ్మాయిలుంటే జంటగా పంపమని, బస ఖర్చు ఎవరు భరిస్తారో ముందే చెప్పమని కోరండి. జవాబు నీళ్లు నమిలినట్టుంటే మరో ఆఫీసు చూసుకోవచ్చు.

ఫీల్డ్‌ను అడిగి తీసుకోవడం

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అప్పుల పనిలో అసలు చదువు శాఖ గోడల బయటే ఉంటుంది.

వ్యాపారి అవసరాన్ని బట్టి తీసుకుంటూ, కడుతూ ఉండే అప్పు పరిమితి, అంటే క్యాష్ క్రెడిట్ లిమిట్‌కు సరుకే ప్రధాన హామీ. పార్టీ, అంటే అప్పు తీసుకున్న వ్యాపారి, ప్రతి నెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇస్తాడు. బ్యాంకు ఆఫీసరు వెళ్లి ఆ సరుకు నిజంగా ఉందో లేదో చూడాలి. నేను స్కేల్ టూలో (ఆఫీసరు హోదాల్లో రెండో మెట్టు) ఉండగా ఒక రొయ్యల ఎగుమతిదారు ఖాతా మా శాఖలో ఉండేది. అప్పటిదాకా తనిఖీకి మగ ఆఫీసర్లే వెళ్లేవారు. నన్ను పంపమని అడిగితే మేనేజరు గారు ఎంతో మర్యాదగా, "వాసన భరించలేరమ్మా" అన్నారు. చేపల కూర తినే ఇంట్లో పుట్టినదాన్నే సార్ అని నవ్వి, ఆ సాయంత్రమే ఒక ఆఫీస్ నోట్ రాసిచ్చాను. అందులో మూడే వాక్యాలు: ఈ ఖాతా తనిఖీ ఫలానా తేదీన జరగాలి, నాకు ఆ రోజు వేరే పని లేదు, అనుమతి కోరుతున్నాను. నోటి మాటను నవ్వుతూ దాటవేయవచ్చు. కాగితం మీదైతే "వద్దు" అని రాసి సంతకం పెట్టాలి, ఆ పని ఎవరూ చేయరు.

ప్లాంటులో గమ్‌బూట్లు తొమ్మిదో సైజువి. రెండు జతల సాక్సులు వేసుకుంటే గానీ కాలు నిలవలేదు. క్లోరిన్ నీళ్ల తొట్టెలో అడుగుపెట్టి లోపలికి వెళ్తే, హాలు నిండా నీలం టోపీలు పెట్టుకుని రొయ్యలు వలుస్తున్నవారు, గ్రేడు చేస్తున్నవారు అందరూ ఆడవాళ్లే. వాళ్లను చూసి ఎవరికీ వాసన గుర్తురాలేదు. సరుకు లెక్క చూడటానికి వచ్చిన ఆడమనిషి మాత్రం వింతగా కనిపించింది. కోల్డ్ స్టోరేజీ తలుపు దగ్గర సూపర్‌వైజరు, "లోపల మైనస్ పద్దెనిమిదండి మేడం, ఫోటోలు తీసి పంపిస్తాను, మీరు ఆఫీసులో టీ తాగండి" అన్నాడు. నేను మగవాళ్ల కోటు తొడుక్కుని లోపలికి వెళ్లాను.

అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ముందు వరుసలు నిండుగా ఉన్నా, పక్కసందులోంచి లోపలికి నడిస్తే నడుమ ఒక గదంత ఖాళీ ఉంది. కొన్ని పెట్టెల మీది లాట్ నంబర్లు వేరే కంపెనీవి. ఆ సరుకు కూలికి ప్రాసెస్ చేసి ఇవ్వాల్సింది, పార్టీది కానేకాదు. తిరిగి వచ్చి ఖాతా పుస్తకం చూస్తే రైతులకు ఇవ్వాల్సిన బాకీ కూడా పెద్దదే తేలింది. స్టేట్‌మెంటులో సరుకు నాలుగు కోట్లు అని ఉంది అనుకోండి. అందులో డబ్బు చెల్లించని సరుకు కోటి తీసేస్తే మూడు కోట్లు. దాని మీద 25 శాతం మార్జిన్ (వ్యాపారి సొంతంగా భరించాల్సిన వాటా) పోగా, డ్రాయింగ్ పవర్, అంటే అప్పటికి అతను వాడుకోగల మొత్తం, రెండు కోట్ల పాతిక లక్షలు. మూడు కోట్ల లిమిట్ ఉంది కదా అని పూర్తిగా వాడనిస్తే, 75 లక్షలు డ్రాయింగ్ పవర్ దాటి ఇచ్చినట్టే. అంతకుముందు తనిఖీ చేసినవారు రైతు బాకీలను తీసివేయనే లేదు.

ఆ నివేదిక మీద నా సంతకం ఉంది. తర్వాత మా శాఖలో ఎగుమతి ఖాతాల ఫైళ్లు వాటంతటవే నా బల్ల మీదికి రావడం మొదలైంది.

మీకు పనికొచ్చేలా దీని నుంచి పాటించవలసినవి చెబుతాను. తనిఖీకి పొద్దున్నే, ముందుగా చెప్పకుండా వెళ్లండి. శాఖలో ఒకరికి ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగివస్తారో చెప్పి వెళ్లండి. పార్టీ పంపే కారు ఎక్కవద్దు. అది మగవారికీ వర్తించే నియమమే అయినా మన విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. ఇన్సూరెన్స్ పాలసీలో బ్యాంకు పేరు, సరుకు ఉన్న చిరునామా రెండూ చూడండి. సొంత బూట్లు, ఒక పాత స్వెటర్ శాఖలో ఉంచుకోండి. ఇది చిన్నవిషయంలా కనిపిస్తుంది కానీ సైజు కుదరని బూట్లలో పది నిమిషాల కంటే ఎక్కువ ఎవరూ నిలబడరు, పార్టీకి కావలసింది కూడా అదే.

వసూళ్ల పని కూడా ఇలాంటిదే. వాయిదా 90 రోజులు దాటితే ఖాతా మొండిబకాయి అవుతుంది. అంతకంటే ముందే 30, 60 రోజుల దశల్లో ఫోను చేసి, ఇంటికి వెళ్లి మాట్లాడే ఆఫీసరుకు ఫలితం దక్కుతుంది. ఇద్దరుగా వెళ్లండి, చీకటి పడకముందే ముగించండి. విశాఖలోనే రుణ వసూళ్ల ట్రిబ్యునల్ ఉంది కాబట్టి మీ బ్యాంకు న్యాయవాదితో పాటు ఒక్కసారైనా వెళ్లి వాదన ఎలా సాగుతుందో వినండి. డాక్యుమెంటేషన్‌లో ఒక సంతకం తప్పిపోతే ఏమవుతుందో పుస్తకం చెప్పలేనంత బాగా అక్కడ అర్థమవుతుంది.

ఇంటర్వ్యూలోనూ జీతం దగ్గరా

ప్రైవేటు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, బీమా సంస్థల ఇంటర్వ్యూల్లో "పెళ్లి ఎప్పుడు?", "మీవారు ఎక్కడ పనిచేస్తారు?" అన్న ప్రశ్నలు ఇంకా పోలేదు. తగువు పెట్టుకుంటే ఉద్యోగం పోతుంది, పూర్తిగా జవాబిస్తే మనం చెప్పని విషయాలు కూడా వారు ఊహించుకుంటారు. నేను ఇచ్చే సలహా ఒకటే వాక్యం: "ఈ పోస్టుకు అవసరమైన పనివేళలు, ప్రయాణాలు నాకు తెలుసు, అందుకు సిద్ధపడే వచ్చాను." ఆపై మీరే ఒక ప్రశ్న అడగండి, టార్గెట్ ఎలా నిర్ణయిస్తారని. సంభాషణ మళ్లీ పని మీదికి వస్తుంది.

ప్రభుత్వరంగ బ్యాంకుల్లో జీతం, యాజమాన్యాలకూ యూనియన్లకూ మధ్య కుదిరే ద్వైపాక్షిక ఒప్పందం ప్రకారం, ఒకే హోదాలో ఉన్నవారందరికీ ఒకటే. ప్రైవేటులో స్థిర జీతం, ఇన్సెంటివ్ రెండు భాగాలుగా ఉంటాయి. ఇన్సెంటివ్ ఎక్కువ చూపించి స్థిర జీతం తగ్గించే ఆఫరు గురించి జాగ్రత్త. ప్రసూతి సెలవులో ఉన్న నెలల్లో టార్గెట్ మీద ఇన్సెంటివ్ ఎలా లెక్కిస్తారో ఆఫరు లెటరు మీద సంతకం పెట్టకముందే, మెయిలు ద్వారా అడిగి తెలుసుకోండి. మీతో సమానమైన పని చేసే మగ సహోద్యోగి జీతం ఎంతో అడగడం మన దగ్గర అమర్యాద. ఆ అమర్యాద చేయకపోవడం వల్ల నాకు తెలిసిన ఒక అమ్మాయి నాలుగేళ్లు తక్కువ జీతానికి పనిచేసింది.

బదిలీ, ప్రమోషన్

ఆఫీసరు ఉద్యోగానికి బదిలీ తప్పదు. 2014 ఆగస్టులో కేంద్ర ఆర్థిక సేవల విభాగం, పెళ్లయిన మహిళా ఉద్యోగులను వీలైనంతవరకు భర్త ఉన్న చోటికి, పెళ్లికానివారిని తల్లిదండ్రులు ఉన్న చోటికి పోస్ట్ చేయమని ప్రభుత్వరంగ బ్యాంకులకు సూచించింది. చంటిబిడ్డ ఉన్నప్పుడు, ఇంట్లో పెద్దవాళ్లు మంచాన పడినప్పుడు ఇది నిజంగా ఆదుకుంటుంది; మొహమాటపడకుండా వాడుకోండి. అయితే ప్రతిసారీ వాడుకుంటే విశాఖ నగరంలోనే మూడు శాఖలు మారి, మేనేజరుగా ఒక్క శాఖను కూడా నడపకుండానే పదిహేనేళ్లు గడిచిపోతాయి. నా అభిప్రాయంలో ఒక చిన్న ఊరి శాఖకు మేనేజరుగా పెళ్లికి ముందో, పిల్లలు బడికి వెళ్లడం మొదలుపెట్టాకో రెండుమూడేళ్లు వెళ్లిరావడం లాభసాటి. నర్సీపట్నం, పార్వతీపురం లాంటి చోట మేనేజరే సర్వస్వం. పొదుపు సంఘాల మహిళలకు ఇచ్చే అప్పు దగ్గర్నుంచి జీడిపప్పు వ్యాపారి లిమిట్ దాకా నిర్ణయం మీదే. ఇల్లు చూసుకునేటప్పుడు శాఖకు నడిచి వెళ్లే దూరంలో, ఇంటివారు కింద ఉండే వాటాలో చేరండి. మిగతా సంగతులు ఊరే నేర్పుతుంది.

బిడ్డ పుట్టే ముందూ తర్వాతా

2017 సవరణతో ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. 50 మంది, అంతకంటే ఎక్కువ మంది ఉన్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలి. ప్రభుత్వరంగ బ్యాంకుల్లో ఒక కాన్పుకు ఆరు నెలలు, మొత్తం సర్వీసులో పన్నెండు నెలలు ఇస్తారు. 2024 మార్చి 8న కుదిరిన పన్నెండో ద్వైపాక్షిక ఒప్పందం, మహిళలు నెలకు ఒక రోజు డాక్టరు సర్టిఫికెట్ లేకుండా సిక్ లీవ్ తీసుకునే వీలు కల్పించింది. దాన్ని అడగడానికి ఇప్పటికీ చాలామంది సిగ్గుపడుతున్నారు.

హక్కులు కాగితం మీద ఉన్నా తలకిందులు చేసే ప్రయత్నాలు ఆగవు. ఒక పెద్ద ప్రభుత్వరంగ బ్యాంకు, మూడు నెలలు దాటిన గర్భిణులను ఉద్యోగంలో చేరడానికి "తాత్కాలికంగా అనర్హులు" అని నిబంధన మార్చి, దేశమంతటా విమర్శలు చెలరేగాక 2022 జనవరిలో వెనక్కి తీసుకుంది.

సెలవుకు వెళ్లేముందు చేయవలసిన పని ఒకటుంది. మీ దగ్గరున్న ప్రతి ఖాతా మీద అరపేజీ నోట్ రాయండి: లిమిట్ ఎంత, రెన్యూవల్ ఎప్పుడు, పార్టీ ఎలాంటివాడు, ఏ చిక్కు రావచ్చు. ఒక ప్రతి మేనేజరుకు ఇచ్చి, తిరిగి వచ్చాక ఇవే ఖాతాలు చూడాలనుకుంటున్నానని అదే కాగితం చివర రాయండి. రాయకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. నేను మొదటి కాన్పు తర్వాత తిరిగి వచ్చేసరికి నా బల్ల లాకర్ల గది పక్కకు జరిగింది. "చంటిబిడ్డ తల్లివి, ఐదింటికే ఇంటికి వెళ్లవచ్చు" అన్నారు మా మేనేజరు. ఎంతో దయగల మనిషి ఆయన. రుణాల విభాగానికి తిరిగి రావడానికి నాకు రెండేళ్ల నాలుగు నెలలు పట్టింది.

ఉద్యోగం మానక తప్పని పరిస్థితి వచ్చినవారు వృత్తిని పూర్తిగా వదలనక్కరలేదు. ఎన్‌ఐఎస్‌ఎం సంస్థ మ్యూచువల్ ఫండ్లు అమ్మేవారికి (డిస్ట్రిబ్యూటర్లకు) పెట్టే పరీక్ష రెండు గంటలది, 50 శాతం మార్కులు చాలు, సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. 2018 అక్టోబరులో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ముందస్తు కమిషన్‌ను ఆపించింది కాబట్టి రాబడి ఇప్పుడు ఖాతాదారు పెట్టుబడి నిలిచినంతకాలం కొద్దికొద్దిగా వస్తుంది. మొదటి రెండేళ్లు నిరాశగానే ఉంటుంది. అపార్ట్‌మెంటులో స్నేహితురాళ్ల పొదుపుతో మొదలుపెట్టినా, పుస్తకాలు మాత్రం వృత్తిలో ఉన్నవారిలాగే రాసుకోండి.

హద్దు దాటినప్పుడు

2013 చట్టం ప్రకారం పదిమంది లేక అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళ అయి ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణముంటే మరో మూడు నెలలు పొడిగిస్తారు. పదిమంది లేని చిన్న ఆడిట్ ఆఫీసులో పనిచేసేవారు జిల్లా స్థాయి స్థానిక కమిటీని ఆశ్రయించవచ్చు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి, ఉద్యోగరీత్యా మీరు వెళ్లిన ప్రతి చోటూ చట్టం దృష్టిలో పనిచోటే. పార్టీ గోడౌన్, తనిఖీకి సంస్థ ఏర్పాటు చేసిన కారు కూడా అందులోకి వస్తాయి. ఫోను సందేశాలు చెరపవద్దు. ఆ రోజే తేదీ, సమయంతో మీ మాటల్లో రాసి, మీకే మెయిల్ చేసుకోండి.

ఏప్రిల్‌లో రాసే కాగితం

ఏటా ఆర్థిక సంవత్సరం ముగిశాక స్వీయ మదింపు ఫారం వస్తుంది. ఆడవాళ్లు రాసిన ఫారాలు నేను వందల సంఖ్యలో చదివాను. "నాకు అప్పగించిన పనులు శ్రద్ధగా చేశాను, బృందంతో సహకరించాను" అన్న వాక్యం దాదాపు అన్నిట్లో ఉంటుంది. మార్కులు వేసేవారికి దాంతో ఏ ఉపయోగమూ లేదు. అదే ఏడాది, అదే శాఖలో ఉన్న మగ సహోద్యోగి తాను కేవలం దరఖాస్తు టైపు చేసిన ఖాతాను కూడా తన ఖాతాలో వేసుకుని ఉంటాడు.

అందుకే ఏప్రిల్ దాకా ఆగకండి. ఒక చిన్న నోటుబుక్కులో ప్రతి శనివారం ఆ వారం మీరు చూసిన ఫైళ్లు రాసుకోండి. ఫారం వచ్చినప్పుడు ఇలా రాయండి: "పద్నాలుగు క్యాష్ క్రెడిట్ ఖాతాలు రెన్యూ చేశాను. తొమ్మిది గోడౌన్ తనిఖీలకు స్వయంగా వెళ్లాను. రెండింట్లో డ్రాయింగ్ పవర్ తగ్గించమని సిఫారసు చేశాను, ఆమోదించారు. అరవై రోజులు దాటిన అయిదు ఖాతాల్లో నాలుగు తిరిగి సక్రమమయ్యాయి." కింద ఉన్న "వచ్చే ఏడాది కోరుకునే బాధ్యత" అనే గడిని ఖాళీగా వదలకండి. ఏ బల్ల కావాలో దాని పేరు రాసి, జిరాక్సు తీసి ఇంట్లో పెట్టుకుని, తర్వాత అసలు కాగితం మేనేజరు గారి చేతికివ్వండి.